పొద్దుగూకే వేళల కాగితం

ఈ సంగతి ఎవరో ఒకరు రాసి పెట్టాలి. ఇప్పటిదాకా దీని గురించి ఒక్క చోటే రాత ఉంది, అది ఒక సర్కారు ఫైలు. ఫలానా ఫిట్టరు పని ఎగ్గొట్టేవాడనీ, దొంగ హాజరు వేయించుకునేవాడనీ, ఇచ్చిన ఆర్డరు ధిక్కరించాడనీ అందులో ఉంటుంది. ఆ ఫైలును ఈపాటికి చెదలు తినేసి ఉండవచ్చు. అయినా రాసింది రాసిందే. దానికి జవాబుగా ఇంకొక రాత లేకపోతే అదే నిజమైపోతుంది. పైగా ఆ ఫైలులో పెట్టిన కాగితాల్లో నా చేతిరాత కూడా ఉంది. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

నేను పెద్ద చదువులు చదవలేదు. పదో తరగతితో ఆగిపోయాను. కానీ పోర్ట్‌బ్లెయిర్ లైబ్రరీలో ఉన్న రెండు తెలుగు బీరువాలనూ పై అర నుంచి కింది అర దాకా చదివాను, కొన్నింటిని రెండుసార్లు. ఇంగ్లీషు పుస్తకాలను పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. ఇందులో జరిగిన చెడులో కొంత ఆ గర్వం వల్లే జరిగింది కాబట్టి ముందే చెప్పేయడం మంచిది. జరిగిన కథలో మనుషుల పేర్లు, ఏళ్ళు వదిలేస్తున్నాను.

వండూర్ జెట్టీకి వెళ్ళే దారిలో నాకో చిన్న దుకాణం ఉంది. టీ, బజ్జీలు, కొబ్బరి బోండాలు, టార్చి బ్యాటరీలు, అలాంటివి. పోయిన చలికాలంలో ఒక శుక్రవారం, పగడాలు చూసి తిరిగొచ్చిన బోటులోంచి ఒక విదేశీ అమ్మాయి దిగి గబగబా నా దగ్గరికి వచ్చింది.

“దీదీ, మోంబత్తీ? దో.”

రెండు కొవ్వొత్తులు ఇచ్చాను. ఆ పిల్ల ఫోనులో టైము చూసుకుంది, సముద్రం వైపు చూసింది, మళ్ళీ ఫోను చూసుకుంది. కరెంటు ఉంది కదా, కొవ్వొత్తులు ఎందుకని నేను అడగలేదు.

“షబ్బాత్?” అన్నాను. శుక్రవారం పొద్దుగూకగానే మొదలయ్యే యూదుల విశ్రాంతి దినం అది.

ఆ పిల్ల నోరు తెరిచింది. “ఆప్ కో కైసే మాలూమ్?”

“లైబ్రరీ,” అన్నాను. అది సగం అబద్ధం.

గాలికి ఆరిపోకుండా బిస్కెట్ల సీసాల వెనక బల్ల మీద నిలబెట్టి వెలిగించుకోమన్నాను. వెలిగించి, చేతులు మూడుసార్లు మంటల మీదుగా తన వైపు తిప్పుకుని, అరచేతులతో కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంది. అచ్చం పిన్ని లాగే. నా బజ్జీలు మాడిపోయాయి.

పిన్ని అంటే మా పక్క క్వార్టరు పిన్ని. బంధుత్వం ఏమీ లేదు. నాన్న, పిన్ని వాళ్ళాయన బాబాయి ఇద్దరూ ఓడల మరమ్మతు చేసే ఒక సర్కారు వర్క్‌షాపులో ఫిట్టర్లు. మా రెండు ఇళ్ళకీ మధ్య ఒకటే చెక్క గోడ, పైన ఒకటే రేకుల కప్పు. వాన పడితే రెండు ఇళ్ళలో ఒకేసారి మాట ఆగిపోయేది. మా వాళ్ళది శ్రీకాకుళం వైపు, వాళ్ళది గుంటూరు వైపు. వాళ్ళ అమ్మాయి నాకంటే ఒక ఏడాది చిన్నది. “అక్కా” అంటూ నా వెనకే తిరిగేది.

అన్నింటికంటే ముందు గుర్తొచ్చేది రంపపు పొట్టు వాసన. దగ్గర్లో కోత మిల్లు ఉండేది, పడాక్ చెక్క కోసిన ఎర్రటి పొట్టు గోనె సంచుల్లో తెచ్చుకునేవాళ్ళం. ఇనప డబ్బాలో మధ్యన ఒక రోకలి నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, రోకలి తీసేస్తే పొయ్యి తయారు. మా అమ్మ వదులుగా కూరేది, గంటలో వంట ముగిసేది. శుక్రవారం నాడు పిన్ని మాత్రం పొట్టు చల్లి కూరుతూ, మళ్ళీ చల్లి కూరుతూ, చెమటలు కక్కేది. ఆ పొయ్యి మర్నాడు మధ్యాహ్నం దాకా లోపల్లోపల కాలుతూనే ఉండేది. దాని మీద పప్పు గిన్నె, పక్కన పులిహోర. శనివారం వాళ్ళింట్లో ఎవరూ నిప్పు ముట్టించేవారు కాదు, స్విచ్చి కూడా వేసేవారు కాదు.

“ఏటి వదినా, మీ ఇంట్లో శనోరం సద్ది తింతారేటి?” అని అమ్మ అడిగింది.

“చద్ది కాదు వదినా, చూడు, వేడిగానే ఉంది,” అని పిన్ని గిన్నె మూత తీసి చూపించింది. “ముందురోజు వండింది, అంతే.”

“మీరు చర్చోల్లా?”

“కాదు.”

“మరేటి?”

పిన్ని గోడ వైపు చూసింది, బాబాయి వింటున్నాడేమోనని. “మావాళ్ళు ఇంకా పాతవాళ్ళు,” అంది.

అమ్మకి ఆ జవాబు చాలు. మిగతా అంతా ఆమెకి చేపల బేరం దగ్గర కనబడేది. పొలుసు, రెక్క రెండూ ఉన్న చేప అయితేనే పిన్ని కొనేది. రొయ్యలు వద్దు, ఎండ్రకాయలు వద్దు, సొరచేప వద్దు. “ఎండ్రకాయ తిననోల్లు అండమాను ఎందుకొచ్చినట్టో,” అని నాన్న నవ్వేవాడు. నేను ఊరుకుంటానా? ఒక రోజు వాళ్ళమ్మాయికి జామచెట్టు కింద రొయ్యల పకోడీ పెట్టాను, ఉల్లిపాయదని చెప్పి. మూడు తిన్నాక చెప్పాను. అది ఏడుస్తూ వెళ్ళి వాళ్ళ నాన్నకి చెప్పేసింది. ఈరోజు నా వీపు పగులుతుందనుకున్నాను.

బాబాయి కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, “ఎట్టా ఉందమ్మా?” అన్నాడు.

“బాగుంది నాన్నా,” అంది అది వెక్కుతూ.

“బాగుంటదనే కదా మానేసింది. చేదుగా ఉంటే ఇంక నియమం ఎందుకు?” అని ఆయనే ముందు నవ్వాడు. ఆ తర్వాత నావైపు చూసి, “ఏంది, లైబ్రరీ మేడం, మా సంగతి పరీక్ష చేస్తున్నావా? తెలుసుకోవాలంటే అడగొచ్చుగా?” అన్నాడు.

అడిగాను. ఆ వానాకాలమంతా అడుగుతూనే ఉన్నాను.

బాబాయి చెప్పే పద్ధతి వేరు. చేతిలో ఏదో ఒకటి విప్పుతూ, బిగిస్తూ చెప్పేవాడు. ఇంటికి తెచ్చుకున్న పంపు, పాడైన తాళం, పిన్ని కుట్టుమిషను. అబ్రాహాము కథ ఆ కుట్టుమిషనుకు నూనె వేస్తూ చెప్పాడు. అబ్రాహాము తండ్రి బొమ్మలు చేసి అమ్మేవాడట. కొడుకు ఆ బొమ్మలన్నీ పగలగొట్టి, సుత్తిని పెద్ద బొమ్మ చేతిలో పెట్టాడట. ఎవరు పగలగొట్టారని తండ్రి అడిగితే, ఇదిగో ఈ పెద్దదే అన్నాడట. బొమ్మ ఎక్కడైనా కదులుతుందా అని తండ్రి కసిరాడట. కదలనిదాన్ని ఎందుకు మొక్కుతున్నావని కొడుకు అడిగాడట. ఆ తర్వాత ఆ కొడుకుని దేవుడు పిలిచి, మీ నాన్న ఇల్లు వదిలి బయల్దేరు, ఎక్కడికో తర్వాత చూపిస్తాను అన్నాడట.

“చూపించకుండానే బయల్దేరాడా?” అన్నాను.

“బయల్దేరాడు. మనం కూడా అంతేగా? ఓడెక్కేటప్పుడు ఈ దీవులు ఎట్టా ఉంటయ్యో మీ నాన్నకి తెలుసా, నాకు తెలుసా?”

దేవుడు ఒక్కడే, ఆయనకి రూపం లేదు, బొమ్మ చేయకూడదు, పేరును ఊరికే పలకకూడదు. ఆయనకీ అబ్రాహాము వంశపు జనానికీ మధ్య ఒక ఒడంబడిక ఉంది. నేను మిమ్మల్ని వదలను, మీరు నా ధర్మం వదలకండి. అది రెండు వైపులా కట్టుబాటు. రాజు ఆజ్ఞ లాంటిది కాదు, ఇద్దరు ఒప్పుకున్న మాట. ఆ మాట చెప్పేటప్పుడు బాబాయి రెండు చేతుల వేళ్ళనూ ఒకదాంట్లో ఒకటి ఇరికించి చూపించేవాడు. మనుషులు చాలాసార్లు తప్పారట. తప్పినప్పుడల్లా ప్రవక్తలు వచ్చి తిట్టారట. విధవరాలికి, పరదేశికి, తండ్రిలేని బిడ్డకి న్యాయం చేయకుండా మీరు చేసే పండగలు నాకెందుకు అని దేవుడే వాళ్ళ నోట అడిగించాడట.

శనివారం ఎందుకు అని అడిగితే మాత్రం చేతిలో పని పక్కన పెట్టి చెప్పాడు. “దేవుడు ఆరు రోజులు చేసి ఏడో రోజు ఆగాడంటారు. అది ఒక కారణం. రెండోది నాకు ఇంకా నచ్చుద్ది. మావాళ్ళు ఐగుప్తులో, అదే ఈజిప్టులో, ఇటుకలు కాల్చిన బానిసలు. మోషే బయటికి తీసుకొచ్చాడు. బానిసకి సెలవుంటదా? ఉండదు. అందుకని బయటికొచ్చాక ఒక రోజు గట్టిగా పట్టుకున్నారు. ఆ రోజు యజమాని పని చెయ్యడు, పనోడు చెయ్యడు, ఎద్దు కూడా చెయ్యదు.”

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో శనివారాలు లైబ్రరీకి వెళ్ళి చూసుకునేదాన్ని. చాలావరకూ సరిపోయేవి. ఒకటి మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు. గుంటూరు జిల్లాలో ఒక పల్లె జనం యూదులు ఎలా అయ్యారు? బాబాయి వాళ్ళ తాతలు దారితప్పిన ఒక పాత తెగ నుంచి వచ్చామని చెప్పుకునేవారట. మధ్యలో మరిచిపోయి, బాబాయి పెద్దన్నయ్య కాలంలో మళ్ళీ పట్టుకున్నారట. నిజమా కాదా అని పెద్దయ్యాక కూడా చాలా వెతికాను. చదువుకున్నవాళ్ళే ఒక మాట మీద లేరు. నా మట్టుకు నేను ఆ పొయ్యి చూశాను, ఆ దీపాలు చూశాను. అంతకంటే సాక్ష్యం నా దగ్గర లేదు.

ఇక్కడ నాన్న గురించి చెప్పాలి. వర్క్‌షాపుకి అప్పట్లో శనివారం పనిరోజే. ఆదివారం మాత్రం అత్యవసరంగా ఏ బోటైనా వస్తే చూడడానికి వంతులవారీగా ఒకరు ఉండాలి. బాబాయి, నాన్న ఒక ఏర్పాటు చేసుకున్నారు. బాబాయి శనివారం పని నాన్న చేస్తాడు, హాజరు బాబాయి పేరున పడుతుంది. నాన్న ఆదివారం వంతు, ఇంకా ఎవరైనా వద్దనుకున్న ఆదివారాలూ బాబాయి చేస్తాడు. లెక్కకి బాబాయే ఎక్కువ పని చేసేవాడు. దీన్ని వర్క్‌షాపులో అందరూ ఎరుగుదురు, ఎవరూ పైకి అనేవారు కాదు. ఇద్దరు మగవాళ్ళు మా గుమ్మంలో టీ తాగుతూ చేసుకున్న ఒప్పందం అది. నాన్న అన్న మాట నాకు గుర్తుంది: “అరే భాయ్, నీ శనోరం నాది, నా ఆదోరం నీది. బస్. దీనికి కాయితమేల?”

ఆ ఏడాది చలికాలం మొదట్లో నేను నా తెలివి చూపించాను.

శుక్రవారం పొద్దుగూకే ముందే దీపాలు వెలిగించాలి. ఆ వేళ ఎప్పుడో ఊరి నుంచి పెద్దన్నయ్య ఏడాదికి సరిపడా రాసి పంపిన కాగితం బాబాయి గోడకి అంటించుకున్నాడు. వారం వారం టైము. ఆ శుక్రవారానికి అయిదూ ముప్ఫై అయిదు అని ఉంది. అప్పటికే బయట చీకటి పడి, వీధి దీపాలు వెలిగి, దోమలు లేచాయి. పిన్ని చేతిలో అగ్గిపెట్టె పట్టుకుని గడియారం వైపు చూస్తూ నిలబడి ఉంది.

“పిన్నీ, పొద్దుగూకి ముప్పావు గంటయింది,” అన్నాను.

“ఇంకా రెండు నిమిషాలుందమ్మా,” అంది పిన్ని.

“అది గుంటూరు టైము పిన్నీ. మనం తూర్పున చాలా దూరంలో ఉన్నాం. గడియారం ఒకటే, సూర్యుడు ఒకటే టైముకి మునగడు. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు. పన్నెండు డిగ్రీలు.” అట్లాసు పేజీ నాకు కంఠతా వచ్చు. వేళ్ళ మీద లెక్క వేసి చూపించాను.

బాబాయి ఆ కాగితం వైపు చూశాడు, కిటికీలోంచి చీకటి వైపు చూశాడు. ఈ దీవులకి వచ్చి రెండేళ్ళు. రెండేళ్ళుగా ప్రతి శుక్రవారమూ పొద్దు వెళ్ళిపోయాక నిప్పు ముట్టించారు. ఏది చేయకూడదో దాన్నే నియమంగా చేశారు.

“చీకటి కళ్ళకి కనబడతానే ఉండె,” అన్నాడు చివరికి. “అన్నయ్య రాశాడుగా అని కాగితాన్ని నమ్మా.” పిన్ని అగ్గిపెట్టె కింద పెట్టేసి, ముందు ఏడ్చి, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ వారం వాళ్ళు దీపం లేకుండానే కూర్చుని పాటలు పాడుకున్నారు. నేను మా ఇంటికి వచ్చి, బాబాయి తప్పు దిద్దానని అమ్మకి మూడుసార్లు చెప్పాను.

మరుసటి వారం నుంచి చిక్కు వచ్చింది. వర్క్‌షాపు అయిదింటికి మూసేవారు. ఇక్కడ చలికాలం పొద్దు అయిదు కాకముందే గూకుతుంది. గుంటూరు కాగితం ప్రకారమైతే బాబాయి పని ముగించుకుని, స్నానం చేసి, తీరిగ్గా దీపాల దగ్గర కూర్చునేవాడు. నా లెక్క ప్రకారమైతే నాలుగింటికే బయల్దేరాలి. శుక్రవారం ఆ ఆఖరి గంట కూడా నాన్న చూసుకోవాల్సి వచ్చింది.

“శనోరం సరే. ఇప్పుడు సుక్కురోరం కూడానా?” అని ఇంట్లో నాన్న గొణిగాడు. “ఏటే, నీ అట్లాసు నా పానం మీదకొచ్చింది.” నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను.

శనివారం మనిషి కనబడకపోయినా, ఎవరిదో పని ఎవరో చేస్తే యంత్రం ఆగదు. శుక్రవారం నాలుగింటికి అందరి కళ్ళ ముందే గేటు దాటే మనిషి మాత్రం కనబడతాడు. కొత్తగా వచ్చిన ఇంజనీరు సాబ్ కిటికీ గేటు వైపే ఉండేది. ఆ రోజుల్లోనే ఫిట్టర్ల పైన ఉండే చార్జ్‌మన్ ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. వరసలో బాబాయి ముందు, నాన్న తర్వాత.

అప్పటికి నేను ఒక నోటుబుక్కు రాస్తున్నాను. ప్రపంచ మతాలు అని దానికి పేరు. బౌద్ధానికి మూడు పేజీలు, ఇస్లాంకి నాలుగు, యూదు మతానికి పదకొండు. పదకొండేళ్ళకి పదకొండు పేజీలని మురిసిపోయాను. మొదట్లోనే బాబాయి ఒక మాట అడిగి ఉన్నాడు: “అంతా రాసుకో తల్లీ. మా ఇంటి సంగతి మాత్రం రాయమాక.” సరే అన్నాను. అయితే పుస్తకంలో చదివి రాసిందానికీ, పక్కింట్లో చూసి రాసిందానికీ తేడా ఉంటుంది కదా. చూసినట్టు తెలియకపోతే నా గొప్ప ఏముంది? ఆ పదకొండో పేజీలో ఇలా రాశాను: “ఈ మతం ఎక్కడో దూరాన లేదు. మా పక్క క్వార్టరు బాబాయి శనివారం పనికి వెళ్ళరు, ఆ రోజు ఆయన డ్యూటీ మా నాన్న చేస్తారు, ఆదివారం నాన్న డ్యూటీ ఆయన చేస్తారు.”

నాన్న ఆ నోటుబుక్కు చూశాడు. చదవడం ఆయనకి నెమ్మది, పెదాలు కదుపుతూ చదువుతాడు. పదకొండో పేజీ దాకా వచ్చేసరికి నా టీ చల్లారిపోయింది.

“మా సాబ్‌కి సూపింతాను,” అన్నాడు. “మా పిల్ల ఎంత బాగా రాసిందో సూడండని.”

నేను రెండు రోజులు కూర్చుని అట్ట మీద ఎర్ర సిరాతో లతలు వేశాను. బడిలో అందరికీ చెప్పాను, ఇంజనీరు సాబ్ నా పుస్తకం చదువుతున్నారని. సాబ్ మెచ్చుకుని పెన్ను ఇస్తారేమోనని రోజూ సాయంత్రం గుమ్మంలో నిలబడ్డాను. అయిదారు రోజులు నాన్న ఖాళీ చేతులతోనే వచ్చాడు. ఆ తర్వాత ఒక రోజు అబర్డీన్ బజార్ నుంచి జిలేబీ పొట్లంతో వచ్చాడు. చార్జ్‌మన్ అయ్యాడు. నోటుబుక్కు ఏదని అడిగితే, సాబ్ దగ్గరే ఉంది అన్నాడు.

జిలేబీలు పక్కింటికి పట్టుకెళ్ళాను. తలుపు మూసి ఉంది. పగలు వాళ్ళ తలుపు మూసి ఉండడం అదే మొదటిసారి. వాళ్ళమ్మాయి కిటికీలోంచి చూసింది.

“అక్కా, మీ నాన్న నీ పుస్తకం సాబ్‌కి చదివాడంట. మా నాన్న ఎదురుగానే. ఒక్కో లైను హిందీలో చెప్పాడంట. మా పేరు రాయమాకని మా నాన్న చెప్పలా?”

నేను పేరు రాయలేదు, బాబాయి అని మాత్రమే రాశాను, అన్నాను. అంతకంటే పనికిమాలిన జవాబు నా జీవితంలో ఎవరికీ ఇవ్వలేదు. అది కిటికీ మూసేసింది. జిలేబీల పాకం నా మోచేతి దాకా కారింది.

బాబాయిని నికోబార్ వైపు బదిలీ చేశారు. ఓడ శనివారం ఉదయం అని ఆర్డరులో ఉంది. కావాలని రాశారో, ఓడ రోజే అదో నాకు తెలియదు. ఆయన ఎక్కలేదు. తర్వాతి ఓడకి వెళతానని అర్జీ పెట్టుకున్నాడు. ఆ ఎక్కకపోవడమే ఫైలులో మూడో తప్పయింది. ఎండాకాలం వచ్చేసరికి ఉద్యోగం పోయింది. విశాఖపట్నం ఓడ ఎక్కే రోజు క్వార్టర్ల వాళ్ళందరూ జెట్టీకి వెళ్ళారు. నాన్న వెళ్ళలేదు, నన్ను వెళ్ళనివ్వలేదు. ఆ తర్వాత ఆ చెక్క గోడ అవతలికి ఒక మలయాళీ కుటుంబం వచ్చింది. ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తలేదు. నేను నాన్నతో మాట్లాడుతూనే ఉన్నాను, అన్నం వడ్డిస్తూనే ఉన్నాను. కానీ ఆ రోజు నుంచి నేను రాసింది ఏదీ ఆయనకి చూపించలేదు. ఆయన అడగనూ లేదు.

కొవ్వొత్తుల అమ్మాయి వచ్చి వెళ్ళాక వారం రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు. లైబ్రరీలో పనిచేసే దీదీతో చెప్పుకుంటే, ఆమె వాళ్ళ గుంటూరు మరదలి ద్వారా నాలుగు ఫోన్లు చేయించి, చివరికి వాళ్ళమ్మాయి నంబరు సంపాదించింది. నలభై ఏళ్ళ తర్వాత “అక్కా” అన్న గొంతు వినబడింది. గొంతు లావెక్కింది, మిగతా అంతా అదే.

బాబాయి పోయి పన్నెండేళ్ళయిందట. ఊళ్ళో పంపులు బాగుచేస్తూ బతికాడట.

నేను రాసిన వాక్యం గురించి చెప్పబోయాను. వాళ్ళమ్మాయి అడ్డుపడింది.

“అక్కా, నీకొకటి తెలుసా? ఆ రోజు మీ నాన్న నీ వాక్యం మొత్తం చదవలా. ‘శనివారం పనికి వెళ్ళరు’ దాకా చదివి పుస్తకం మూసేశాడంట. ‘ఆ రోజు ఆయన డ్యూటీ మా నాన్న చేస్తారు’ అన్నది మింగేశాడు. సాబ్‌కి తెలుగు రాదుగా. మరి శనివారం హాజరు ఎవరు వేశారని సాబ్ అడిగితే మీ నాన్న నేల చూశాడంట.”

“బాబాయికి ఎలా తెలుసు, నేను మొత్తం రాశానని?”

“ఆ పేజీ నువ్వు నాకు చూపించావుగా. నేనే చెప్పా మా నాన్నకి, ముందే.”

అంటే బాబాయి ఆ గదిలో నిలబడేటప్పటికి ఆ వాక్యం మిగతా సగం ఆయనకి తెలుసు. కింది లైను కూడా చదవమని ఒక్క మాట అంటే చాలు, ఇద్దరూ మునిగేవారు, లేదా ఇద్దరూ తేలేవారు. పోనీ చిన్నపిల్ల కట్టుకథ రాసిందని అన్నా ఆ రోజుకి గట్టెక్కేవాడు.

“సచ్ హై? అని సాబ్ అడిగాడంట,” అంది వాళ్ళమ్మాయి. “సచ్ హై అన్నాడు మా నాన్న. పిల్ల రాసింది అబద్ధమని నేనెట్టా చెప్పేది అని అమ్మతో అన్నాడు. మీ నాన్న సంగతి ఎందుకు చెప్పలేదని అమ్మ కొట్లాడింది. ఒప్పుకున్న మాట వాడు వదిలాడు గానీ నేను వదల్లేదు అన్నాడు.”

నన్ను క్షమించమని అడిగాను.

“నేను ఇవ్వలేనక్కా. మనిషికి చేసిన తప్పుని దేవుడు కూడా క్షమించడు, ఆ మనిషే క్షమించాలి. మా దాంట్లో అంతే. పోయినవాళ్ళయితే సమాధి దగ్గర పదిమందిని నిలబెట్టి, వాళ్ళ ముందు బయటికి చెప్పాలి. వస్తావా?”

వస్తానన్నాను. ఫోను పెట్టేసి నాన్న గదిలోకి వెళ్ళాను. ఫెరార్గంజ్‌లో మేము ఉండే ఇంట్లో ఆయనకి ముందు గది. టీవీలో పాత సినిమా చూస్తున్నాడు.

“ఆ రోజు నా పుస్తకంలో మిగతా సగం ఎందుకు చదవలేదు?” అన్నాను.

ఏ రోజని ఆయన అడగలేదు. అందుకే ఆయన కూడా మరిచిపోలేదని తెలిసింది.

“నాను ఒక్క ముక్క కలపలేదు,” అన్నాడు. “నువ్వు రాసిందే సదివేను.”

“సగమే చదివావు.”

“మొత్తం సదివితే ఇద్దరి ఉద్దోగాలూ పోయేవి. నీ సదువు ఎవడు సెప్పించేవోడు?” టీవీ గొంతు పెంచాడు. తర్వాత తగ్గించి, నావైపు తిరక్కుండానే అన్నాడు: “ఆడు సెప్పొచ్చుగా? నోరు లేదా ఆడికి? ఆడు సెప్పనేదు. నన్నేటి సెయ్యమంటావు?”

ఇన్నేళ్ళూ నా వాక్యం బాబాయిని ముంచిందని నన్ను నేను తిట్టుకున్నాను. ఆ తిట్టు నాకు ఉండాల్సిందే, రాయనని మాటిచ్చి రాశాను. కానీ నేను రాసింది మొత్తం నిజం. నాన్న దాన్ని మధ్యకి కోసి, ఒక ముక్క వాడుకున్నాడు. ఆ కోత నా అక్షరాలతో చేశాడు. నేను లతలు వేసిన అట్ట లోపల చేశాడు. ఇది చేతకానితనమా, భయమా, ఆశా అని ఎన్ని రకాలుగా ఆలోచించినా, నాకు దొరికిన మాట మోసం ఒక్కటే.

ఆయన్ని కూడా రమ్మన్నాను. ఓడ టికెట్టు తీస్తానన్నాను. మోకాళ్ళ నొప్పులు, ఓడ ఎక్కలేను అన్నాడు. మర్నాడు బస్సెక్కి అబర్డీన్ బజార్ వెళ్ళి క్షవరం చేయించుకుని వచ్చాడు.

నేను ఒక్కదాన్నే వాళ్ళ ఊరికి వెళ్ళాను. అది మిరపకోతల కాలం. పదిమంది దొరకడానికి రెండు రోజులు పట్టింది. పొలం నుంచి నేరుగా వచ్చినవాళ్ళ చేతులు ఎర్రగా, ఘాటుగా ఉన్నాయి, సమాధి దగ్గర అందరం తుమ్ముతూనే ఉన్నాం. నేను చేసిన తప్పు రెండు వాక్యాల్లో చెప్పాను. మూడోది, నాన్న చేసింది, మొదలుపెట్టబోతే వాళ్ళమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. “అది నీది కాదక్కా. అది చెప్పాల్సినవాళ్ళు చెప్పాలి,” అంది. వాళ్ళ ఆచారం ప్రకారం తలా ఒక చిన్న రాయి సమాధి మీద పెట్టి పొలాలకి వెళ్ళిపోయారు. అక్కడ చెప్పకూడనిదంతా ఇక్కడ రాశాను.

కథలో పేర్లు వదిలేశాను గానీ, సాయం చేసినవాళ్ళ పేర్లు వదిలేయడం తప్పు. నంబరు వెతికి పెట్టిన లైబ్రరీ రోజీ దీదీకి, దుకాణం చూసుకున్న సుబ్బలక్ష్మికి కృతజ్ఞతలు. కూలి మానుకుని వచ్చి నిలబడిన యాకోబు, శమూయేలు, దావీదు, ఏలియా, మలాకీ, చిన యోసేపు, రిబ్కమ్మ, దెబోరా, మరియమ్మ, ఈ తొమ్మిదిమందికీ, పదో మనిషిగా నిలబడి తన తండ్రి తరపున నా మాట విన్న శారమ్మకీ కృతజ్ఞతలు. పొట్టు పొయ్యి కూరడంలో తేడా నేర్పిన పిన్ని ఎస్తేరమ్మ ఇప్పుడు లేదు, ఆమెకీ.

మా నాన్న పేరు ఇక్కడ రాయలేకపోయాను. ఇది ముగించాక చదివి వినిపించనా అని అడిగాను. “సదవడం నాకొచ్చు,” అన్నాడు. కాగితాలు ఆయన మంచం పక్కన బల్ల మీద పెట్టాను. నాలుగు రోజులయింది. పడుకునే ముందు కళ్ళజోడు తీసి వాటి మీద పెట్టుకుంటున్నాడు.